కత్తి లేకుండా కండను చూస్తాను

నా మూతి గొర్రె డెక్కంత ఉంటుంది. లోపల సన్నని స్ఫటికాల వరుస. కరెంటు తగలగానే అవి వణికి, మనిషి చెవికి అందని శబ్దాన్ని పంపుతాయి. తిరిగొచ్చిన ప్రతిధ్వనే తెర మీద బొమ్మ. డాక్టర్లు నన్ను అల్ట్రాసౌండ్ ప్రోబ్ అంటారు. చౌటుప్పల్ చుట్టుపక్కల మందల్లో నా పేరు మాత్రం 'కడుపు చూసే మిషన్'. గొర్రె చూలుతో ఉందా, ఒట్టిదా? ఇన్నేళ్లూ నన్నడిగింది అదొక్కటే.

ఓ పొద్దున దొడ్డిలో పనైపోయి డాక్టరు నన్ను తుడుస్తుంటే, గొంగడి భుజానేసుకున్న పెద్దాయన రెండు పొట్టేళ్లను లాక్కొచ్చాడు.

"గీటికి గూడ పెట్టుండ్రి సార్."

"పొట్టేలుకు కడుపుంటదా కాకా?" అని నవ్వినవాడే, ఏదో తట్టినట్టు ఆగాడు. జెల్ అయిపోయింది. ఇంట్లోంచి మంచినూనె తెప్పించి, చివరి పక్కటెముకల దగ్గర వెన్ను పక్కన రాసి నన్ను ఆనించాడు. నెల్లూరు జాతికి ఉన్ని ఉండదు, ఉన్నది పొట్టి వెంట్రుకలే, పని తేలికైంది. అదే దక్కనీ గొర్రె అయితే ఉన్ని పాయ తీయాల్సిందే.

తెర మీద పైన తోలు, దాని కింద సన్నని కొవ్వు పొర, ఆ కింద కోడిగుడ్డు అడ్డంగా పడుకున్నట్టు నల్లటి నడుం కండ. మొదటి పొట్టేలుకు అది నిండుగా ఉంది. రెండోది దానికంటే బెత్తెడు ఎత్తు, కండ మాత్రం పలచన. అంగడిలో ఎరగనివాళ్లు మోసపోయేది ఇక్కడే. ఎత్తు చూసి కండ ఉందనుకుంటారు.

ఆస్ట్రేలియాలో 1989 నుంచి ల్యాంబ్‌ప్లాన్ పేరుతో ఈ కండ లోతు, కొవ్వు మందం, తూకం, వంశం చిట్టా కలిపి పొట్టేళ్లకు లెక్క కడుతున్నారు. బ్రిటన్‌లో గొర్రెలకు సీటీ స్కాన్ కూడా తీస్తారు. నాకంత గొప్పలు లేవు. ముక్క మెత్తగా ఉడుకుతుందా అంటే చెప్పలేను. కండెంత, కొవ్వెంత, అంతవరకే నా సాక్ష్యం. కోసి చూస్తే ఇంకా బాగా తెలుస్తుంది, నిజమే. కోసిన పొట్టేలుకు పిల్లలు పుట్టవు కదా!

2019 పశుగణనలో తెలంగాణ గొర్రెలు కోటీ తొంభై లక్షలు, దేశంలోనే మొదటి స్థానం. 2017లో ప్రభుత్వం గొల్ల కురుమలకు పంచిన గొర్రెల యూనిట్‌లో 20 గొర్రెలకు పొట్టేలు ఒక్కటే. ఏడాది పిల్లలన్నిటికీ సగం పోలిక ఆ ఒక్కదానిదే. అలాంటిదాన్ని ఎంచడానికి నన్ను పిలిచినవాళ్లు లేరు.

"మొదటిదాన్ని విత్తనానికి ఉంచు కాకా" అన్నాడు డాక్టరు.

"మంచి రేటొచ్చేది గదే గద సార్!"

బక్రీద్‌కు వారం ముందే అది ఆటో ఎక్కింది. పలచ నడుముది మందలోనే ఉంది. ఈసారి నేను చూస్తున్న చూళ్లన్నీ దానివే.