ఒక అడుగు వెనక

నేను ఎక్కడికెళ్ళినా ఒక అడుగు వెనగ్గా, కాస్త పక్కగా నిలబడతాను. మా ఆవిడ దీన్ని బద్ధకం అంటుంది. కాదు, ఇది యుద్ధవిద్య. పేరు ఎషెలాన్. అంటే మెట్ల మాదిరి ఏటవాలుగా బారులు తీరడం.

1757 డిసెంబరు 5న ల్యూథెన్ దగ్గర ప్రష్యా రాజు రెండో ఫ్రెడరిక్ తన పటాలాల్ని ఇలాగే నడిపాడు. ఒక్కోటి పక్కదానికంటే 50 అంగలు వెనక. అలా తనకు దాదాపు రెట్టింపున్న ఆస్ట్రియా సైన్యాన్ని మట్టికరిపించాడు. చరిత్రకారులు మొదటి పటాలాన్ని పొగుడుతారు. నా మనసు మాత్రం ఆఖరి పటాలం మీదే. బ్రిటిష్ సైన్యంలో ఏర్పాటు మరీ ముచ్చటైనది. పోరాడేవాళ్ళు ఎఫ్ ఎషెలాన్, వాళ్ళకు తూటాలూ పెట్రోలూ అందించేవాళ్ళు ఎ ఎషెలాన్, ఇంకా వెనక, వెంటనే అక్కర్లేని సరంజామాతో బి ఎషెలాన్. వెంటనే అక్కర్లేనిది అనగానే ఎవరో నన్ను పేరుపెట్టి పిలిచినట్టయింది.

లెక్కల్లోనూ ఇదే తంతు. మాత్రికను ఎషెలాన్ రూపంలోకి తెస్తే, ప్రతి వరసలో సున్నా కాని మొదటి అంకె పై వరసకన్నా కుడికి జరుగుతుంది. అన్నీ సున్నాలే ఉన్న వరసలు అట్టడుగుకు పోతాయి. లెక్చరర్ ఈ సూత్రం చెప్పకముందే మా క్లాసులో అది అమల్లో ఉండేది. సున్నాలమంతా ఆఖరి బెంచీలోనే.

భౌతికశాస్త్రంలో మైకెల్సన్ 1898లో ఒకే మందం ఉన్న గాజు పలకల్ని మెట్లుగా పేర్చి, వర్ణపటంలో ఒక్కటే అనుకున్న గీతలో ఎన్ని గీతలున్నాయో విడదీసి చూపించాడు. అన్నీ సరిసమానంగా నిలబడి ఉంటే అది ఉత్త గాజుదిమ్మ!

నా సిద్ధాంతానికి దెబ్బకొట్టింది సైకిళ్ళవాళ్ళు. పక్కగాలి వీస్తే వాళ్ళూ రోడ్డుకు ఏటవాలుగా బారు తీరతారు. 2013 టూర్ ద ఫ్రాన్స్ సైకిల్ పందెం 13వ అంచెలో, అందరికన్నా ముందున్నవాడికిచ్చే పసుపు జెర్సీ వేసుకున్న క్రిస్ ఫ్రూమ్‌కే ముందు బారులో చోటు దొరక్క, పోటీదారు కాంటడార్ కంటే 69 సెకన్లు వెనకబడ్డాడు. కానీ ఆ బారులో ముందు నిలిచి గాలిని కాసే పని అందరూ వంతులవారీగా చెయ్యాలి. బారు కట్టి ఎగిరే బట్టతల ఐబిస్ పక్షులు కూడా అంతే, ముందుండే శ్రమను పంచుకుంటాయి.

ఇంగ్లీషులో పైస్థాయి అధికారుల్నీ ఎషెలాన్ అనే అంటారు. వంతు మాట ఎత్తని ఎషెలాన్ ఒక్కటే ఉంది, ఆఫీసుల్లోని ఆ పైవాళ్ళది. అక్కడ ఎదురుగాలి కిందివాళ్ళకు, పసుపు జెర్సీ పైవాళ్ళకు.

కనక పాఠకులకు నా మనవి. మీ ముందున్నవాడు అలసిపోయినట్టు కనిపిస్తే మొహమాటపడకుండా ముందుకెళ్ళి వంతు అందుకోండి. నేను మీ వెనకే ఉంటాను.