పని అయిపోయిన నాళం

మైపాడు దగ్గర ఒక పట్టపుపాలెంలో, వేటకు పోయే మనిషి ఛాతీలో ఉంటాను. గుండెకు కాస్త పైన, పుపుస ధమనికీ బృహద్ధమనికీ మధ్య. ఇప్పుడు చూస్తే పీచు ముక్కను. ఆయన తల్లి కడుపులో ఉన్నన్నాళ్లూ మాత్రం ధమనీ నాళాన్ని, పెద్ద దారిని.

కడుపులో బిడ్డకు ఊపిరితిత్తులు ఉన్నా వాటిలో నిండింది ద్రవమే. ఆక్సిజన్ మాయ నుంచి బొడ్డుతాడు వెంట రావాలి. ఆ మంచి రక్తంలో చాలా భాగం కుడి కర్ణిక నుంచి ఎడమ కర్ణికకు ఒక కంత గుండా దాటి, మెదడుకు పోయేది. మిగతాది కుడి జఠరికలోకి దిగి పుపుస ధమని ఎక్కేది. ముందుకు పోదామంటే ఊపిరితిత్తుల నాళాలు బిగుసుకుని, కొంచెమే రానిచ్చేవి. ఆగిన రక్తాన్నంతా అందుకుని బృహద్ధమనిలోకి మళ్లించింది నేనే.

నన్ను తెరిచి ఉంచే పదార్థం పేరు ప్రోస్టాగ్లాండిన్. అదీ ఎక్కువగా మాయ నుంచే. నెలలు నిండుతుండగా ఆ తల్లి నడుం నొప్పికి ఎవర్నీ అడక్కుండా కొట్లో బిళ్ల కొని మింగింది. ఇప్పటి ఐబుప్రోఫెన్, డైక్లోఫెనాక్ లాంటి బిళ్లలు ఆ పదార్థాన్ని తగ్గించి, పుట్టకముందే నా పీక నొక్కగలవు. గట్టిదాన్ని కాబట్టి తట్టుకున్నాను. ఆ కోపం మాత్రం ఇంకా పోలేదు.

పురుడు ఇంట్లోనే. బిడ్డ కేర్‌మన్నాడు. గాలి నిండగానే ఊపిరితిత్తుల నాళాలు విచ్చుకున్నాయి, ఎడమ కర్ణికలో ఒత్తిడి పెరిగి కంతకు మూత పడింది. రక్తంలో ఆక్సిజన్ పెరిగింది, మాయతో సంబంధం తెగింది. నా కండరం బిగిసింది. రెండు మూడు రోజుల్లో దారి మూసుకుంది, వారాల్లో పీచుగా మారాను. ఒకప్పుడు పడవలు తిరిగి, తర్వాత పూడిపోయిన మా బకింగ్‌హాం కాలువ గతే నాదీ.

మాయను గుంత తీసి పాతిపెట్టారు. ఊడిన బొడ్డును తాయెత్తులో పెట్టి మొలతాడుకు కట్టారు. నన్ను తలుచుకున్నవాళ్లు లేరు. గేలెన్ రెండో శతాబ్దంలోనే నా గురించి రాస్తే, పుస్తకాలు నాకు పదహారో శతాబ్దపు ఇటలీ వైద్యుడు బొటాల్లో పేరు తగిలించాయి!

నాలాంటివాటిలో కొన్ని మూసుకోవు, నెలలు నిండకుండా పుట్టిన పిల్లల్లో మరీనూ. అప్పుడు రక్తం ఎదురు తిరిగి బృహద్ధమని నుంచి ఊపిరితిత్తులకు పోతుంది. బిడ్డ ఆయాసపడతాడు, పాలు తాగలేడు, ఒళ్లు చేయడు. 1938లో బోస్టన్‌లో రాబర్ట్ గ్రాస్ ఏడేళ్ల పాపకు ఛాతీ తెరిచి అలాంటి నాళాన్ని కట్టేశాడు. ఇప్పుడు చాలామందికి తొడ నాళం గుండా సన్నని గొట్టం పంపి మూసేస్తున్నారు. 2021లో తిరుపతిలో పిల్లల గుండెలకే శ్రీ పద్మావతి హృదయాలయం తెరిచారు. మా తీరం నుంచి మరీ దూరం కాదు. తమాషా ఏమిటంటే, గుండె నిర్మాణమే తప్పుగా ఉన్న కొందరు పసివాళ్లకు నేను మూసుకుపోతే ప్రాణం పోతుంది. అప్పుడు ప్రోస్టాగ్లాండిన్ ఎక్కించి మరీ, ఆపరేషన్ దాకా ఆగమని బతిమాలతారు.

గొంతుకు పోయే ఎడమ నరం నా పక్కనే బృహద్ధమని కింద మలుపు తిరుగుతుంది. వల లాగేటప్పుడు మావాడు వేసే కేక ఆ నరం చలవే. ఆ పొరుగున నేనున్నట్టే ఆయనకు తెలియదు.

మొన్న ఛాతీ పట్టేసిందని నెల్లూరు పోయి ఎకో తీయించుకున్నాడు. గదులు, కవాటాలు, ఒత్తిళ్లు అన్నీ వరసగా రాసి, అంతా బాగుందన్నారు. నా పేరు ఎక్కడా లేదు. అందులో నా పేరు కనిపిస్తే జబ్బు ఉన్నట్టట.