కుందేలు ఖాళీలో కారుణ్య నియామకం

కుందేలు రిటైరైంది. సౌందర్య సాధనాల కోసం ఇకమీద ఏ జంతువు మీదా ప్రయోగం కూడదని 2014 మే 21న కేంద్ర ఆరోగ్య శాఖ గెజెట్‌లో అచ్చేసి మరీ చెప్పింది. ఆ నవంబరు నుంచి, బయటి దేశాల్లో జంతువుల మీద పరీక్షించిన సరుకు దిగుమతికీ గేటు పడింది. దక్షిణాసియాలో ఈ పని మొదట చేసింది మనమే. మంచి పని. నా పేచీ నిషేధంతో కాదు, కుందేలు దిగిపోయాక ఖాళీ అయిన కుర్చీతో.

మా ఖరగ్‌పూర్ మలంచా వాళ్లకి ఖాళీల సంగతి విడమరిచి చెప్పక్కర్లేదు. శ్రీకాకుళం, విజయనగరం పల్లెల నుంచి మూటాముల్లే సర్దుకుని బెంగాల్ నాగ్‌పూర్ రైల్వేలో పనికొచ్చిన తాతల మనవలం. సర్వీసులో ఉండగా మనిషి పోతే ఆ ఇంట్లో ఒకరికి ఉద్యోగమిస్తారని, దాన్ని కారుణ్య నియామకం అంటారని, దానికి ఏయే కాగితాలు కావాలో కూడా ఇక్కడ పదో తరగతి పిల్లాడు గడగడా చెప్తాడు. కుందేలు ఖాళీ కూడా అలాగే నిండింది. కాకపోతే కుర్చీ ఎక్కింది దాని పిల్లలు కాదు, మన పిల్లలు.

ముందు ఆ ఉద్యోగమేమిటో చూద్దాం. 1944లో అమెరికా ఆహార ఔషధ శాఖలో పనిచేసే జాన్ డ్రెయిజ్ దానికో పద్ధతి రాసిపెట్టాడు. తెల్ల కుందేలుని, తల ఒక్కటే బయటికొచ్చే పెట్టెలో బిగిస్తారు, కాలితో కన్ను నులుముకోకుండా. ఒక కంట్లో 0.1 మిల్లీలీటరు సరుకు వేస్తారు. షాంపూ కావచ్చు, మస్కారా కావచ్చు. రెండో కన్ను పోల్చి చూడ్డానికి వదిలేస్తారు. ఇక రోజుల తరబడి, ఒక్కోసారి మూడు వారాల దాకా, మార్కులు వేస్తూ కూచుంటారు. నల్లగుడ్డు మీది పొర మసకబారితే 80 దాకా, లోపలి భాగం దెబ్బతింటే 10 దాకా, ఎర్రబడి వాచి నీరు కారితే 20 దాకా. మొత్తం 110. మన పిల్లలకి నూటికి తొంభై వస్తే వీధంతా మిఠాయి పంచుతాం. కుందేలు నూటపది తెచ్చుకుంటే గుడ్డిదైనట్టు.

కుందేలే ఎందుకు? మెతక, చవక, కళ్లు పెద్దవి, కన్నీళ్లు తక్కువ. ఈ నాలుగు అర్హతలూ గుర్తుంచుకోండి, కాసేపట్లో పనికొస్తాయి.

పోనీ ఇంత చేశాక నిజమైనా తేలిందా? 1971లో అమెరికాలో ఇద్దరు పరిశోధకులు ఒకే రసాయనాల్ని రెండు డజన్ల లాబులకి ఇచ్చి చూశారు. ఒక లాబు అమ్మో అన్నదాన్ని ఇంకో లాబు ఫర్వాలేదంది. అయినా పరీక్ష దశాబ్దాల పాటు నడిచింది. ఫారం ఉంది, ఫారంలో గళ్లున్నాయి, గళ్లు నింపాలి కదా. రైల్వే ఆఫీసుల చుట్టూ తిరిగినవాళ్లం, ఇది మాత్రం మనకి కొత్తా?

ఈ పరీక్షని వెనకేసుకొచ్చేవాళ్ల దగ్గర బలమైన కథ ఒకటుంది, కాదనను. 1933లో అమెరికాలో లాష్ ల్యూర్ అనే రంగు కనురెప్పలకి వేయించుకున్న ఆడవాళ్ల చూపు దెబ్బతింది, ఒకామె ప్రాణమే పోయింది. ఇలాంటి గొడవల తర్వాతే 1938లో సౌందర్య సాధనాలకీ అక్కడ చట్టం వచ్చింది. మరి మనిషి ముఖ్యమా, కుందేలు ముఖ్యమా అని అడుగుతారు. ప్రాణం నిలబెట్టే మందు దగ్గర అడిగితే అది గట్టి ప్రశ్నే. లిప్‌స్టిక్‌లో నలభై ఒకటో గులాబీ రంగు దగ్గర అడిగితే, అడిగినవాడికే నవ్వొస్తుంది. పైగా ఇప్పుడు ఆపరేషన్లలో మిగిలిన చర్మం నుంచి కణాలు తీసి, లాబులోనే మనిషి చర్మం పెంచి, దాని మీదే పరీక్షలు చేస్తున్నారు. హైదరాబాద్ సీసీఎంబీ వాళ్ల ఇంక్యుబేషన్ సెంటర్‌లో కూడా జంతువుల్లేని పద్ధతుల కోసం ఒక విభాగం పెట్టారు.

ఇక బజారుకి రండి. మలంచా రోడ్డు మీద ఏ ఫ్యాన్సీ షాపులోనైనా అడగండి, డబ్బా మీద కుందేలు గెంతుతూ కనిపిస్తుంది. పక్కనే ముద్దుగా, దీన్ని జంతువుల మీద పరీక్షించలేదు అని. ఈ దేశంలో తయారైన సరుక్కి అది గొప్ప కాదు, చట్టం. చట్టం పాటించినందుకు పై డబ్బులు ఇవ్వాల్సివస్తే, రేపు జేబులు కొట్టనివాడు కూడా బిల్లు పంపిస్తాడు. డబ్బా లోపల గొర్రె ఉన్ని నుంచి తీసిన లానోలిన్ ఉండొచ్చు, కాచినీల్ పురుగుల్ని ఎండబెట్టి నలగ్గొట్టి తీసిన ఎరుపు ఉండొచ్చు. వాటి బొమ్మలు మాత్రం వెయ్యరు. పురుగు బొమ్మ చూసి బుగ్గకి ఎవరు రాసుకుంటారు?

మన కరుణకి ఒక రేటు కూడా ఉంది. 1960 నాటి జంతు హింస నివారణ చట్టంలో జంతువుని హింసిస్తే తొలి తప్పుకి పది నుంచి యాభై రూపాయల జరిమానా రాశారు. జంతు ప్రయోగాల్ని చూసుకోడానికి ఆ చట్టం కింద వేసిన కమిటీ ఆంక్షలు మీరితే రెండువందల దాకా. దశాబ్దాలు గడిచినా ఆ అంకెలు కదల్లేదు. ఖరగ్‌పూర్‌లో టికెట్ లేకుండా లోకల్ ఎక్కి, పక్కనున్న గిరిమైదాన్‌లో దొరికితే, టికెట్ డబ్బులు కాక కనీసం 250 కట్టాలి. అంటే ప్రయోగశాలలో ఆంక్ష దాటడం కన్నా ఒక్క స్టేషను దాటడం పెద్ద నేరం.

ఇప్పుడు కొత్త ఉద్యోగుల దగ్గరికొద్దాం. వారంలో తెలుపు అంటూ అమ్మే డబ్బాలున్నాయి. తయారీదారు చిరునామా దొరకదు, లోపల ఏముందో రాయరు. కొన్నింట్లో పాదరసం. చర్మంలో రంగు తయారవకుండా అడ్డుకుంటుంది, అందుకే తెలుపు. ఆ తర్వాత ఒంట్లోకి దిగి కిడ్నీల పని పడుతుంది. 2023లో కేరళ మలప్పురంలో కిడ్నీ జబ్బుతో వచ్చినవాళ్లని డాక్టర్లు ఆరా తీస్తే, తేలింది ఇలాంటి క్రీములే. ఇంకొన్నింట్లో స్టెరాయిడ్. మొదట్లో మొహం మెరుస్తుంది. తర్వాత చర్మం పలచబడి నరాలు పైకి తేల్తాయి, మొటిమలు లేస్తాయి, బుగ్గల మీద వెంట్రుకలు మొలుస్తాయి. మానేద్దామంటే మొహం భగ్గుమంటుంది, అందుకని మళ్లీ అదే రాస్తారు. 2018 మార్చిలో పద్నాలుగు రకాల స్టెరాయిడ్ పూతల్ని డాక్టరు చీటీ లేకుండా అమ్మకూడదని కేంద్రం చెప్పింది. మన పిన్నులకి చీటీ దేనికి? పక్కింటి వదినగారి మొహమే చీటీ.

కుందేలుకి ఎథిక్స్ కమిటీ ఉండేది. పంజరం ఇంత కొలతుండాలని రూలుండేది. ఏ రోజు ఏమైందో రిజిస్టర్లో రాసేవారు. పోల్చి చూడ్డానికైనా ఒక కన్ను వదిలేవారు. మన పిల్లకి కమిటీ లేదు, రిజిస్టరు లేదు, రెండు బుగ్గలూ రాసేసుకుంటుంది. పైగా కుందేలు తన పెట్టెకి అద్దె కట్టలేదు; మన పిల్ల డబ్బా ధర కూడా తనే కట్టుకుంటుంది. అర్హతలు సరిపోయాయా అంటారా? మెతక, చవక, కళ్లు పెద్దవి. కన్నీళ్ల దగ్గరొక్కటే తేడా వస్తోంది. దాన్ని కూడా స్నానాల గదిలో, పంపు విప్పుకుని, తనే సర్దుకుంటోంది.

ఈ లాబుకి పెద్ద ఇన్‌స్పెక్టర్ ఎవరనుకున్నారు? కంపెనీ కాదు. 1975లో పుట్టిన ఫెయిర్ అండ్ లవ్లీ కూడా లోకం తిట్టిందని 2020లో పేరులోంచి ఫెయిర్ పీకేసి గ్లో పెట్టుకుంది. పేరు మార్చుకోని ఇన్‌స్పెక్టర్లు పెళ్లిచూపులకి దిగుతారు, శ్రీకాకుళం రోడ్డు స్టేషన్లో రైలెక్కి. ఉప్మా తిని, టీ తాగి, పిల్లని ట్యూబులైటు కింద కూచోబెట్టి, డ్రెయిజ్ కన్నా నిదానంగా మార్కులు వేస్తారు.

"పిల్ల బాగున్నాది గానీ వదినా, చాయ కొద్దిగా తగ్గిందేటి?"

"ఇక్కడి ఎండలకి అలగుంది గానీ వదినా, నెల రోజుల్లో తేలిపోద్ది. ఏదో కిరీం రాస్తంది."

"ఏ కిరీమమ్మా? కుందేలు బొమ్మున్నదేనా? మావాడికి జీవహింస గిట్టదు."

అబ్బాయి చాయ సంగతి ఎవరూ ఎత్తలేదు. అబ్బాయికి పర్మనెంటయింది.