పెట్టె పద్యానికి టీకా తాత్పర్యం

మూలం (ఆటవెలది)

పెట్టె వచ్చెనంట పిల్లగా డడిగెను
కళుగుమలకు బండి కదలలేదు
ఏమి వెలయొ యన్న నేబది వేలకు
పదియె తక్కువనిరి పట్టణమున

టీక

పెట్టె = ప్లేస్టేషన్ 5. ఇంట్లో తెలుగున పెట్టె, వీధిలో తమిళాన పెట్టి. నిలబెడితే మూరెడుకు కాస్త తక్కువ, బరువు నాలుగున్నర కిలోలు.

వచ్చెనంట = కవి హృదయమంతా ఈ 'అంట'లోనే ఉంది. అమెరికా, జపాన్‌లలో పెట్టె విడుదలైంది 2020 నవంబర్ 12న. మన దేశానికి వచ్చింది 2021 ఫిబ్రవరి 2న. నడుమ 82 రోజులు మా మేనల్లుడు ఎవరెవరో అట్టపెట్టెలు విప్పడం యూట్యూబ్‌లో చూస్తూ గడిపాడు. ప్రత్యక్షం లేదు, శబ్దమే ప్రమాణం. జనవరి 12 మధ్యాహ్నం ముందస్తు బుకింగ్ తెరిస్తే నిమిషాల్లో సరుకు అయిపోయింది.

అడిగెను = మేనమామను అని అధ్యాహారం. తండ్రిని అడిగేంత ధైర్యశాలి కాడు.

కళుగుమల = కళుగుమలై. 'ఐ' గణాల కోసం పోయింది. ఈ కొండ మీద 8వ శతాబ్దపు పాండ్యుల నాటి వెట్టువాన్ కోవిల్ ఉంది. ఒకే బండను పైనుంచి కిందికి చెక్కుతూ వచ్చారు. శిఖరం మీద బొమ్మలు నవ్వుతుంటాయి, అడుగుభాగం మొండిరాయి. ఇక్కడొక ఆక్షేపం: పూర్తికాని పనిని జనం ముందు పెడతారా? పెడతారు. సైబర్‌పంక్ 2077 అనే ఆట 2020 డిసెంబర్ 10న వచ్చింది. తప్పులు ఎక్కువై వారం తిరిగేసరికి సోనీ దాన్ని తన అంగడిలోంచి తీసేసి, 2021 జూన్‌లో మళ్లీ పెట్టింది. మా శిల్పులు సగంలో ఆపారు గానీ, సొమ్ము పుచ్చుకుని 'మిగతాది తర్వాత దింపుకోండి' అనలేదు.

బండి కదలలేదు = 'మీ పిన్‌కోడ్‌కు డెలివరీ లేదు' అని ఫోన్‌లో ఎర్రక్షరాలు. వాడు చదివి వినిపిస్తే మా అమ్మ, "దారి తెలీదేమోరా, బస్టాండులో దిగి అడగమను" అంది. కోవిల్‌పట్టి నుంచి సుమారు 20 కిలోమీటర్లు, అంతే.

పదియె తక్కువ = 49,990 రూపాయలు. ఆ పది రూపాయలు కొనేవాడి కంట్లో దుమ్ము.

తాత్పర్యం

పెట్టె వచ్చిందట. ఇక్కడికి రాలేదు.

విశేషం

ఛందస్సు ఆటవెలది. ఆటకు వెల ఉన్నది కనుక ఆటవెలది అని మా వ్యుత్పత్తి. వ్యాకర్తలు కోప్పడినా మార్చం.

పాఠాంతరం: 2022 నవంబరులో ధర 54,990 అయింది. అందువల్ల చివరి రెండు పాదాలూ చెల్లని నోట్లయ్యాయి. సవరించబోతే గణాలు తప్పుతున్నాయి. యతి చెడకుండా ఆ అంకెను ఇమడ్చగల పాఠకులు దయచేసి రాసి పంపండి. మళ్లీ పెరగకముందే పంపండి.