ఫారిన్ విడాకుల డిక్రీ: ఒక ప్లీడరు గుమాస్తా చిట్కాలు

ముందే చెప్పేస్తున్నాను, నేను లాయర్ని కాను. ప్లీడరు గుమాస్తాని. ముప్పై ఏళ్లుగా ఫైళ్ల కట్టలు చంకన పెట్టుకుని ఫ్యామిలీ కోర్టు మెట్లెక్కి దిగుతున్నవాణ్ణి. చట్టం ఏమంటుందో మా సీనియర్ గారు చెబుతారు. కేసు ఎన్నేళ్లు నడుస్తుందో నేను చెబుతాను. మా ఇంట్లో పొయ్యి వెలిగేది ఈ రెండో దాని మీదే. అందుకని అమెరికాలో విడాకుల డిక్రీ తీసుకుని, దాన్ని ఇక్కడ చెల్లుబాటు చేయించుకుందామనుకునే బాబులకీ అమ్మాయిలకీ నాకు తోచిన నాలుగు మాటలు చెబుతాను. తు.చ. తప్పకుండా పాటించండి. మా చిన్నదాని ఇంజనీరింగు ఇంకా రెండేళ్లుంది.

ముందుగా, ఆ డిక్రీని ఎక్కడ రిజిస్టరు చేస్తారో వెతకండి. అమెరికాలో ఒక రాష్ట్రం ఇచ్చిన డిక్రీని ఇంకో రాష్ట్రం కోర్టులో నమోదు చేయించుకునే పద్ధతి ఉంది కాబట్టి ఇక్కడా ఎక్కడో ఓ కిటికీ ఉంటుందనుకోవడం సహజమే. మీసేవకి వెళ్లండి, కలెక్టరాఫీసుకి వెళ్లండి, సబ్‌రిజిస్ట్రారు ఆఫీసు ముందు చెట్టు కింద కూర్చునే దస్తావేజు లేఖరిని అడగండి. వంద రూపాయల స్టాంపు పేపరు మీద ఏదో ఒకటి రాసిస్తాడు, కాదనడు. అలాంటి కిటికీ మన దేశంలో అసలు లేదన్న సంగతి మాత్రం ఎవర్నీ అడక్కండి. తెలిసినవాడెవడన్నా సివిల్ ప్రొసీజర్ కోడ్ తీసి 13వ సెక్షను చూపించాడంటే మీ తిరుగుడు అక్కడితో ఆగిపోతుంది. పరాయి దేశపు తీర్పు ఇక్కడ చెల్లుతుంది, ఆరు దోషాల్లో ఏదో ఒకటి తగిలితే తప్ప అంటుందా సెక్షను: ఆ కోర్టుకి అధికారం లేకపోవడం, మంచిచెడ్డలు విచారించకుండానే తీర్పివ్వడం, మన చట్టాన్ని లెక్కచేయకపోవడం, అవతలివాళ్లకి మాట్లాడే అవకాశం ఇవ్వకపోవడం, మోసం, మన చట్టానికి విరుద్ధమైన హక్కు కోరడం. ఆరూ చదివితే మీకు భయం పట్టుకుంటుంది. భయపడ్డవాడు జాగ్రత్తపడతాడు. అది మాకు నష్టం.

ఇక అసలు చిట్కా. మీ ఆవిడకి చెప్పకండి.

మిగతావన్నీ మర్చిపోయినా ఇదొక్కటీ గుర్తుపెట్టుకోండి. ఆవిడ పుట్టింట్లో గుంటూరు జిల్లాలో ఉందనుకోండి, పిటిషన్లో మాత్రం మీరిద్దరూ ఎప్పుడో ఖాళీ చేసిన డాలస్ అపార్టుమెంటు నంబరు వేయండి. మనసొప్పకపోతే సమన్లు ఫొటో తీసి వాట్సాప్‌లో పెట్టండి, రెండు నీలం టిక్కులు పడ్డాయంటే సర్వీసైనట్టే అనుకోండి. అదీ కాదంటే కొరియరు. కోర్టు కాగితాలు దేశం దాటి అందజేయడానికి హేగ్ ఒప్పందం ఒకటుందనీ, 2007 నుంచి అది మనకీ వర్తిస్తుందనీ, నేరుగా పోస్టులో పంపడానికి మన దేశం ఒప్పుకోలేదనీ, ఢిల్లీలో కేంద్ర న్యాయశాఖ ద్వారా రావాలనీ మీ అమెరికా లాయరు చెప్పబోతే, టైము లేదనండి. ఆవిడ రాలేదని కోర్టు ఎక్స్‌పార్టీ డిక్రీ ఇచ్చేస్తుంది. మీకు నిశ్చింత. ఆ డిక్రీ విమానం దిగిన రోజు నుంచీ మాకు నిశ్చింత.

మొన్నామధ్య తెనాలి పక్క పల్లె నుంచి ఓ పెద్దాయన వచ్చాడు. చేతిలో బట్టల కొట్టు సంచి, అందులో కొరియరు కవరు, కవరు మూల మీద కుంకుమ బొట్టు. "అల్లుడుగారు అమ్మాయికి వీసా కాగితాలు పంపించారు బాబూ, దేవుడి గూట్లో పెట్టి తెచ్చాను, ఎక్కడ సంతకం పెట్టాలో చూసి చెప్పు" అన్నాడు. కవరు అప్పటిదాకా చించలేదు. చించి చూస్తే పైన టెక్సస్ కౌంటీ కోర్టు పేరు, కింద హాజరవ్వాల్సిన తేదీ. ఆ తేదీ దాటి పదకొండు రోజులైంది. ఇది వీసా కాదండీ అన్నాను. ఆయన కళ్లజోడు తీసి పంచె కొంగుతో తుడుచుకుని మళ్లీ పెట్టుకుని, తనకి రాని ఇంగ్లీషు కాగితం వంక చాలాసేపు చూశాడు. "మరి అమ్మాయి పేరుందిగా" అన్నాడు.

ఉంది. ప్రతివాది అని ఉంది.

మా సీనియర్ గారు ఆ సాయంత్రమే వకాల్తా రాయించుకున్నారు. ఆ అల్లుడుగారెవరో గానీ పైన చెప్పిన చిట్కాలన్నీ నేను చెప్పకముందే పాటించాడు.

సరే, విడాకులకి కారణం. అమెరికా కోర్టులో తేలిగ్గా దొరికే కారణం ఒకటుంది: కాపురం ఇక అతకనంతగా విరిగిపోయిందని. మీది హిందూ వివాహమైతే మన చట్టంలో ఆ కారణానికి చోటే లేదు. రాజ్యాంగం 142వ అధికరణం కింద సుప్రీంకోర్టు మాత్రం అలా ఇవ్వచ్చని 2023లో రాజ్యాంగ ధర్మాసనం చెప్పింది, అది వాళ్లకే. అందుకని మీరు సరిగ్గా ఆ కారణమే రాయండి. పైగా మీరుండే రాష్ట్రంలో కాకుండా ఎక్కడ తక్కువ రోజులుంటే చాలంటారో అక్కడికి వెళ్లి వేయండి. నెవాడాలో ఆరు వారాలు చాలు. ఆ నెవాడా డిక్రీనే ఒకదాన్ని 1974లో మన సుప్రీంకోర్టు మోసమని తోసేసిందిగా అంటారా? పాత కబుర్లు.

ఈ విషయంలో మా గుమాస్తాలందరికీ కులదైవం లాంటి కేసు ఒకటుంది. నరసింహారావు కేసంటారు. 1975లో తిరుపతిలో పెళ్లి. మూడేళ్లకి విడిపోయారు. ఆయన అమెరికా వెళ్లి మిస్సోరీ కోర్టులో తొంభై రోజుల నివాసం చూపించి పిటిషను వేశాడు. మీ కోర్టుకి ఈ కేసు వినే అధికారం లేదని ఆవిడ ఇక్కణ్ణుంచే జవాబు పంపింది. ఆవిడ లేకుండానే 1980 ఫిబ్రవరిలో డిక్రీ వచ్చింది. 1981 నవంబరులో ఆయన యాదగిరిగుట్టలో రెండో పెళ్లి చేసుకున్నాడు. ఆవిడ ద్విభార్యత్వం కేసు పెట్టింది. మేజిస్ట్రేటు వదిలేశాడు, హైకోర్టు వదల్లేదు, 1991 జులైలో సుప్రీంకోర్టు కూడా వదల్లేదు. డిక్రీ ఇక్కడ చెల్లదు, కేసు నడపండి అని మేజిస్ట్రేటు దగ్గరికే తిప్పి పంపింది. రెండో పెళ్లయిన పదేళ్లకి, విచారణ మొదలెట్టమని! ఇంతకంటే పవిత్రమైన వాక్యం మా వృత్తిలో లేదు.

ఆ కేసులోనే ఇంకో తమాషా ఉంది. ఆయన కోర్టులో పెట్టింది డిక్రీ ఫొటోస్టాట్ కాపీ. అది సాక్ష్యంగా పనికిరాదన్నారు. కాబట్టి మీరూ ఫోన్లో పీడీఎఫ్ తెచ్చుకోండి, కోర్టు ఎదురుగా జెరాక్సు తీయించండి, పక్క బల్ల మీద నోటరీ గుండ్రటి ముద్ర వేస్తాడు, ఎర్రగా బానే కనబడుతుంది. తీర్పిచ్చిన కోర్టు నుంచే సర్టిఫైడ్ నకలు తీసుకుని, ఆ రాష్ట్ర ప్రభుత్వం దగ్గర అపోస్టిల్ అనే ధ్రువీకరణ వేయించుకుంటే పని జరిగిపోయే ప్రమాదం ఉంది. అపోస్టిల్ ఒప్పందంలో మన దేశం 2005 నుంచీ ఉంది.

రెండో పెళ్లి ముహూర్తం పెట్టేసుకున్నాక మా దగ్గరికి రండి, ముందు రాకండి. శుభలేఖలు అచ్చయ్యాక వచ్చేవాడు ఫీజు బేరమాడడు. ద్విభార్యత్వానికి పాత ఐపీసీ 494 ఇప్పుడు భారతీయ న్యాయ సంహితలో 82 అయింది. ఏడేళ్లదాకా జైలు. మొదటి పెళ్లి సంగతి దాచి చేసుకుంటే పదేళ్లదాకా.

ఆస్తి గురించి ఎక్కువ చెప్పను. కూకట్‌పల్లి ఫ్లాటు ఎవరిదో అమెరికా జడ్జిగారు రాసిచ్చారని ఆ కాగితం పట్టుకుని సబ్‌రిజిస్ట్రారు దగ్గరికెళ్లండి. ఇక్కడి స్థలం హక్కు ఇక్కడి కోర్టే తేల్చాలి.

ఆడపిల్లలకి ఏమీ చెప్పలేదని నొచ్చుకోకండి. పిల్లాడి ఖర్చులకి నెలకింతని అమెరికా కోర్టు రాసిచ్చింది, ఆయనేమో ఉద్యోగం మార్చుకుని గచ్చిబౌలి వచ్చేశాడనుకోండి. నేరుగా జిల్లా కోర్టులో ఈపీ, అంటే అమలు పిటిషను, వేసేయండి. సివిల్ ప్రొసీజర్ కోడ్ 44ఏ సెక్షను కింద డబ్బు డిక్రీల్ని అలా అమలు చేయించుకునే వీలు కొన్ని దేశాలకే ఉంది. ఇంగ్లండు ఉంది, సింగపూరు ఉంది, 2020 జనవరి నుంచి దుబాయి వాళ్ల యూఏఈ కూడా ఉంది. అమెరికా లేదు. ఆ మాట చెప్పి మీ ఈపీ తిప్పి పంపేసరికి కొంత కాలం గడుస్తుంది. అమెరికా డిక్రీకైతే దాని ఆధారంగా ఇక్కడ కొత్తగా దావా వేయాలి, అదీ ఆ తీర్పు వచ్చిన మూడేళ్లలోపే. "పోన్లే, ఎంతైనా పిల్లాడి తండ్రి, తనంతట తనే ఇస్తాడు" అని మీ అమ్మగారు అంటూనే ఉంటారు. వినండి. మూడేళ్లు ఇట్టే గడిచిపోతాయి.

నా మాట వినని జంట గురించి కూడా చెప్పాలి. పోయినేడు న్యూజెర్సీ నుంచి వచ్చారు. ఇద్దరూ వచ్చారు. అదే నాకు నచ్చలేదు. అక్కడ ఆవిడ తన లాయర్ని పెట్టుకుని, హాజరై, ఒప్పుకుని, సంతకం పెట్టిందట. ఆ సంగతి డిక్రీలోనే రాసి ఉంది. సర్టిఫైడ్ నకలు, దానికి అపోస్టిల్, పిల్ల ఎవరి దగ్గరుంటుందో రాసుకున్న కాగితం, అన్నీ ఒక నీలం ఫోల్డర్లో వరసగా పెట్టుకొచ్చారు. సీనియర్ గారు ఇరవై నిమిషాలు చదివి, "ఇద్దరూ ఒప్పుకుని తీసుకున్నదే కదమ్మా, ఇది చెల్లుతుంది. రేపు ఏ ఆఫీసువాళ్లన్నా కొర్రీ వేస్తే అప్పుడు ఫ్యామిలీ కోర్టులో డిక్లరేషను వేసుకుందాం" అని పంపించేశారు. వాయిదా లేదు, వకాల్తా లేదు, కౌంటరు లేదు. మెట్లు దిగుతూ ఆవిడ, "బీపీ మాత్రలు కార్లో వదిలేశావా?" అని అడుగుతోంది ఆయన్ని.

నాకు మిగిలింది పద్నాలుగు పేజీల జెరాక్సు డబ్బులు, 28 రూపాయలు. ఆవిడ ముప్పై ఇచ్చి, చిల్లర ఉంచుకోండి అంది.