యంత్రం మిథ్య, లైసెన్సు సత్యం

గ్రేటర్ నోయిడాలో ఫ్లాటు కొన్నవాడికి సాఫ్ట్‌వేర్ లైసెన్సు గురించి వేరే పాఠం చెప్పక్కర్లేదు. ఇక్కడి నేల గ్రేటర్ నోయిడా అథారిటీది. 1991లో పుట్టిన ఆ సంస్థ నేలను 90 ఏళ్ల లీజుకు బిల్డరుకిస్తుంది, బిల్డరు మనకు సబ్‌లీజు రాసిస్తాడు. కోటి రూపాయలు పోసినా మనం యజమానులం కాము, ఉండేందుకు అనుమతి పొందినవాళ్లం. బిల్డరు అథారిటీకి బాకీ పడితే ఆ అనుమతి కాగితమూ ఆగిపోతుంది. రిజిస్ట్రీ కాని ఫ్లాట్లలో ఏళ్ల తరబడి కాపురాలు చేసినవాళ్లు గ్రేటర్ నోయిడా వెస్ట్‌లో కొల్లలు. కంప్యూటర్ తెర మీద ఓ మూల ‘యాక్టివేట్ విండోస్’ అని మసకమసకగా కనబడుతుందే, ఆ కాపురాలు సరిగ్గా అలాంటివే. అన్నీ పనిచేస్తుంటాయి, మనసు మాత్రం కుదుటపడదు.

మా టవర్లో ఒక బాబాయిగారున్నారు. విజయవాడలో డీటీపీ సెంటరు నడిపి, కంటి చూపు తగ్గాక కొడుకు దగ్గరికొచ్చారు. ఇక్కడి తెలుగువాళ్ల ఉగాది సంచిక బాధ్యత సహజంగానే ఆయన నెత్తిన పడింది. ఆయనకు తెలిసిన లోకం పేజ్‌మేకర్ 7, అను ఫాంట్లు, కింద విండోస్ ఎక్స్‌పీ. పేజ్‌మేకర్ 7 వచ్చింది 2001లో. ఎక్స్‌పీకి మైక్రోసాఫ్ట్ 2014 ఏప్రిల్ 8న నీళ్లొదిలేసింది. బాబాయిగారు వదల్లేదు.

“వర్చువల్ మెషీన్ పెడదాం నాన్నా” అన్నాడు కొడుకు.

“అంటే?”

“కంప్యూటర్లో ఇంకో కంప్యూటరు. ఉన్నట్టే ఉంటుంది, కానీ ఉండదు.”

“లేనిదానికి డబ్బు కట్టమంటావా?”

“ఆమ్రపాలిలో కట్టలేదా జనం?”

బాబాయిగారు ఇంక మాట్లాడలేదు. నోయిడా, గ్రేటర్ నోయిడాల్లో నలభై వేలమందికి పైగా కొనుక్కున్న ఆమ్రపాలి బిల్డరు ఇళ్లు చాలావరకు బ్రోషర్లలోనే ఉండిపోతే, 2019 జులైలో సుప్రీంకోర్టు ఆ కంపెనీ రెరా రిజిస్ట్రేషన్ రద్దు చేసి, మిగతా కట్టుబడి ప్రభుత్వ సంస్థ ఎన్‌బీసీసీకి అప్పగించాల్సి వచ్చింది. వర్చువల్ ఆస్తి విషయంలో ఈ ఊరు సిలికాన్ వ్యాలీకే నాలుగు మాటలు నేర్పగలదు.

మొదట కొడుకు మ్యాక్ మీద పడ్డారు. అది కొత్త ఎం చిప్‌ది. వర్చువల్ మెషీన్ ఉన్న ప్రాసెసర్నే పంచి ఇస్తుంది తప్ప కొత్త జాతి ప్రాసెసర్ని పుట్టించదు. ఎక్స్‌పీ ఏమో ఇంటెల్ తరహా చిప్పుల కోసం రాసింది. కుదరలేదు. తర్వాత అటక మీది విండోస్ ల్యాప్‌టాప్ దించి వర్చువల్‌బాక్స్ ఎక్కించారు. అది 2008లో సన్ చేతికి, 2010లో సన్‌తో పాటే ఒరాకిల్ చేతికి వెళ్లిన సరుకు. అసలు ప్యాకేజీ అందరికీ ఉచితమే. పక్కన ‘ఎక్స్‌టెన్షన్ ప్యాక్’ అని చిన్న పొట్లం ఒకటుంటుంది. సొంతానికీ చదువుకీ అయితే ఊరికే వస్తుంది, ఆఫీసుకైతే కొనాలి. ఇంటి నుంచే ఆఫీసు పని చేసే కొడుకు దాన్ని నొక్కాలో వద్దో తేల్చుకోలేక కంపెనీ లీగల్ విభాగానికి మెయిలు పెట్టాడు. అదింకా పరిశీలనలో ఉంది.

పొట్లం లేకుండానే యంత్రం లేచి కూర్చుంది. ఇక ఎక్స్‌పీ. విజయవాడ కంప్యూటర్తో పాటు వచ్చిన సీడీని బాబాయిగారు పెట్టెలోంచి తీశారు. కంప్యూటర్తో వచ్చిన విండోస్ ఆ కంప్యూటరుకే చెల్లుతుంది. ఆ కంప్యూటరేమో పాత సామాన్లవాడితో వెళ్లిపోయింది. పోనీ కొత్తది కొందామంటే ఎక్స్‌పీని మైక్రోసాఫ్ట్ అమ్మదు. విండోస్ 11 తెద్దామా అంటే దానికీ వేరే లైసెన్సు కావాలి. ఒక లైసెన్సుకి ఒక్క పరికరం, అది భౌతికమైనా వర్చువలైనా సరే అని ఒప్పందంలోనే రాసుంటుంది. మాయకూ నిజానికీ భేదం లేదని మనవాళ్లు ఎన్ని భాష్యాలు రాసినా లోకం నమ్మలేదు. మైక్రోసాఫ్ట్ వకీళ్లు ఒక్క వాక్యంతో ఒప్పించారు.

“మరి చట్టప్రకారం ఏం చెయ్యాలి బాబూ?” అని నన్నడిగారు.

“చట్టప్రకారం ఏమీ చెయ్యకూడదు బాబాయిగారూ.”

నెహ్రూ ప్లేస్ వెళ్దామన్నారు ఎవరో. అమెరికా వాణిజ్య ప్రతినిధి కార్యాలయం వారి అపఖ్యాత మార్కెట్ల జాబితాలో ఒకప్పుడు పేరెక్కిన బజారు అది. దొంగ సరుకులో ఒక సుగుణముంది, దానికి గడువు తీరదు. గడువు, రెన్యువలు, గుర్తుచేసే మెయిళ్లు అన్నీ నిజాయతీపరుడికే.

పెద్ద కంపెనీల తిప్పలు ఇంకో రకం. ఇక్కడికి దగ్గర్లోనే నాలెడ్జ్ పార్కులో యోట్టా డేటా సెంటరుంది, 2022 అక్టోబరు 31న ముఖ్యమంత్రి యోగి ఆదిత్యనాథ్ ప్రారంభించారు. అలాంటి చోట్ల ఒక్కో సర్వరును బోలెడు వర్చువల్ మెషీన్లుగా కోసి అద్దెకిస్తారు. ఆ కోతకత్తుల్లో పేరున్నది వీఎంవేర్‌ది. దాన్ని 6,100 కోట్ల డాలర్లకు బేరమాడిన బ్రాడ్‌కామ్ 2023 నవంబరులో చేజిక్కించుకుంది. డిసెంబరు తిరక్కుండానే శాశ్వత లైసెన్సుల అమ్మకం ఆపేసి, ఇకపై చందాలే అంది. లెక్క కోర్లను బట్టి. ప్రాసెసరులో ఎనిమిది కోర్లే ఉన్నా పదహారుకు కట్టాలి. విదేశాల్లో ఈ నిబంధన విని గగ్గోలు పెట్టారట. నోయిడా మనిషి పెట్టడు. కాలు మోపే చోటుకే కాక లిఫ్టుకీ మెట్లకీ కూడా ‘సూపర్ ఏరియా’ లెక్కన ధర కట్టినవాడు, లేని ఎనిమిది కోర్లకు బెదురుతాడా?

అదే బ్రాడ్‌కామ్ మన స్థాయి వాళ్లు వాడే వర్క్‌స్టేషన్ ప్రోని 2024 మేలో సొంత వాడకానికి, నవంబరులో అందరికీ ఉచితం చేసింది. సర్వర్లకు వాడే ఈఎస్‌ఎక్స్‌ఐ ఉచిత కూర్పును మాత్రం 2024 ఫిబ్రవరిలో తీసేసి, 2025 ఏప్రిల్లో మళ్లీ పెట్టింది. దానం చేసినవాడే తీసుకోవడం, తీసుకున్నవాడే మళ్లీ దానం చెయ్యడం మన ప్రభుత్వ పథకాల్లో చూసిందే కాబట్టి ఎవరూ కంగారుపడలేదు.

చివరికి యంత్రం ఉచితంగా దొరికింది. లోపల పెట్టడానికి లైనక్సూ ఉచితంగానే దొరికింది. అందులో అను ఫాంట్ల పాత ఫైళ్లు తెరిస్తే కవిత్వం చైనా భాషలా కనబడింది. ఒకరిద్దరి విషయంలో మెరుగ్గా కూడా ఉంది.

ఇదంతా ఒక ఉగాది సంచిక కోసం! ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వమూ సిలికానాంధ్ర సంస్థా కలిసి తెలుగు యూనికోడ్ ఫాంట్లను ఉచితంగా ఇచ్చి దశాబ్దం దాటింది. వాటికి ఎక్స్‌పీ అక్కర్లేదు, పెట్టెలో పెట్టె అక్కర్లేదు, నెహ్రూ ప్లేస్ అంతకంటే అక్కర్లేదు. కాబట్టి సంచికకు కథలూ కవితలూ పంపబోయే నోయిడా, గ్రేటర్ నోయిడా రచయితలకు సంపాదకుడి తరఫున మనవి: యూనికోడ్‌లో పంపండి. కవిత ఎలా ఉన్నా ముందు తెరుచుకోవాలి కదా.