యాక్సెస్ అను నేను

నేను యూనిక్స్ కెర్నెల్‌లో వసించు సిస్టం కాల్‌ను. న్యూజెర్సీ రాష్ట్రమున మర్రీ హిల్‌లోని బెల్ లాబ్స్ వారు 1979లో వెలువరించిన ఏడవ ఎడిషన్‌లో నా సంఖ్య 33. ప్రోగ్రాము నాకొక ఫైలు పేరును, దానితో ఒక చిన్న అంకెను ఇచ్చును: చదువుటకు 4, వ్రాయుటకు 2, నడుపుటకు 1, కేవలము ఉనికి తెలిసికొనుటకు 0. త్రోవలోని ప్రతి డైరెక్టరీని దాటుటకు హక్కు కలదా యని చూచుచు ఫైలు వఱకు పోయి, అనుమతి యున్నచో సున్నను, లేనిచో మైనస్ ఒకటిని తెచ్చి యిత్తును. అనుమతి నిరాకరింపబడినచో 13 అనియు, ఫైలే లేనిచో 2 అనియు కారణము ఎర్నో అను చరరాశిలో తెలియవచ్చును.

ఫైలును తెరువబూనినచో హక్కు కలదో లేదో ఓపెన్ అను నా సోదరుడే చెప్పగలడు, మఱి నేనెందులకు? డెనిస్ రిచీ కల్పించిన సెట్‌యూఐడీ ఏర్పాటు వలన, సామాన్యుడు నడిపిన ప్రోగ్రాము సయితము, పరకాయప్రవేశము చేసిన చందమున, తన యజమాని అధికారమును, ఒక్కొక్కప్పుడు సర్వాధికారి యైన రూట్ అధికారమునే, ధరించి సంచరించును. అట్లు రూట్ అధికారముతో నడచు ముద్రణ ప్రోగ్రామును, పరుల రహస్యపు ఫైలు నొకదానిని అచ్చు వేయుమని వాడుకరి కోరినచో, దాని కడ్డుపడు అనుమతి ఏదియు నుండదు. అప్పుడది నన్ను పిలువవలెను. నేను అరువు అధికారమును లెక్కింపక, పిలిచిన మనుష్యుని నిజ వాడుకరి సంఖ్యను బట్టియే తీర్పు చెప్పుదును. ఏడవ ఎడిషన్‌లో ఇందులకై, అప్పుడు చెల్లుచున్న సంఖ్యను ఒక ప్రక్క దాచి, దాని స్థానమున నిజ సంఖ్యను నిలిపి, పరీక్ష ముగిసిన పిదప పాతదానిని యథాస్థానమున చేర్చెడివాడను.

నా తీర్పు అసత్యము కాదు. కాని అది పలికిన క్షణమునకే సత్యము. ప్రోగ్రాము దానిని విని ఓపెన్‌ను పిలుచు లోపల, ప్రాసెసరు వేఱొక ప్రోగ్రామునకు దక్కవచ్చును. ఆ సందున దుర్బుద్ధి యైనవాడు, నేను చూచిన ఫైలును తొలగించి, అదే పేరుతో పాస్‌వర్డు ఫైలునకు సింబాలిక్ లింకును నిలుపును. ఓపెన్ వచ్చునప్పటికి పేరు అదియే, వస్తువు వేఱు. అతడు చూచునది రూట్ అధికారమును గనుక నిరాక్షేపముగా తెరచును. ఏ వ్యవస్థను కాపాడుటకు నన్ను నియమించిరో, నా మాట నమ్మి ఆ వ్యవస్థయే చెడుట నాకు తీరని దుఃఖము. మాట్ బిషప్, మైకేల్ డిల్జర్ అనువారు 1996లో ఇట్టి సందులను గూర్చి సవిస్తరముగా వ్రాసిరి. నన్ను వాడకుండుటయే మేలని లైనక్స్ మాన్యువల్ నేటికిని హెచ్చరించును. ఆ హెచ్చరిక న్యాయమైనదే. అరువు అధికారమును తాత్కాలికముగా విడిచి, నిజ వాడుకరిగా నేరుగా ఓపెన్‌నే పిలువుడని నేనును ప్రోగ్రామర్లను వేడుకొందును. అచ్చట పరీక్షయు ప్రవేశమును ఒక్క పిలుపులోనే ముగియును.

ధరించిన అధికారమును బట్టియే అడుగగోరు వారు తగిన ఫ్లాగు నిచ్చి, ఫ్యాక్సెస్‌యాట్ అను నా అనుజుని పిలువవచ్చును. కాని లైనక్స్ కెర్నెల్‌లో అతనికి ఫ్లాగులు పుచ్చుకొను శక్తి లేకుండుటచే, జీలిబ్‌సీ లైబ్రరీ అనుమతి బిట్లను తానే చూచి ఊహించెడిది. ఏసీఎల్ అను ప్రవేశ నియంత్రణ జాబితా గల ఫైళ్ల విషయమున ఆ ఊహ తప్పుటకు వీలుండెడిది. 2020లో లైనక్స్ 5.8తో వచ్చిన ఫ్యాక్సెస్‌యాట్ టూ ఆ ఫ్లాగులను కెర్నెల్‌లోనే స్వీకరించుచున్నది.